వేరు లేని పుట్టగొడుగులు

మా అత్తగారు పుట్టగొడుగును కోయదు, తవ్వుతుంది. కోసి తెచ్చినదాన్ని గడప దాటనివ్వదు. కనిగిరి దగ్గరి మెట్ట ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో ఇదంతా నాకు ఒట్టి చాదస్తంగా తోచింది. గుంటూరు టౌనులో పెరిగినదాన్ని. పుట్టగొడుగులంటే నాకు ప్లాస్టిక్ డబ్బాలో వచ్చే తెల్ల ఉండలే.

మొదటి వానాకాలంలో, బాగా ఉరిమి కురిసిన మర్నాడు పొద్దున్నే, ఆవిడ నన్ను మా చేను గట్టున ఉన్న చెదపుట్ట దగ్గరికి లాక్కెళ్ళింది. పుట్ట పక్కన నేల పగిలి తెల్లటి గొడుగులు గుంపుగా లేచి ఉన్నాయి. అంతకుముందు సాయంత్రం అక్కడ గడ్డిపోచ కూడా లేదు. ఆవిడ చెప్పులు విడిచి కూర్చుని, ఒక కాడ చుట్టూ పుల్లతో మట్టి తీయడం మొదలుపెట్టింది. ఎంత తీసినా అడుగు రాదే! చివరికి నన్ను చెయ్యి పెట్టి చూడమంది. మోచేతి దాకా పెట్టాను. కాడ కిందికి పోయేకొద్దీ సన్నబడి, వేరులా మారి, లోపల ఎక్కడో చల్లటి మెత్తటి గూటిలో కలిసిపోతోంది. చెదపురుగులు చీకట్లో పెంచుకునే తోటట అది. మనం పైన చూసి కోసుకునేది దాని పూత మాత్రమే. ఉరుము వినపడగానే ఇంత మెత్తటిది అంత గట్టి మట్టిని చీల్చుకుని ఎలా వచ్చిందో నాకు అంతుపట్టలేదు. 

"గొడుగుదేముందమ్మాయ్, ఎవరైనా వేసుకుంటారు. వేరు చూడాల," అంది అత్తగారు.

కొన్నేళ్ళకు నాకు నెల తప్పింది. మంచినీళ్ళు కూడా కడుపులో నిలవని వేవిళ్ళు. అలాంటిది ఒకరోజు వాన వాసనకి పుట్టగొడుగుల కూర మీదికి మనసు పోయింది. పైకి అనేశాను. కడుపుతో ఉన్న మనిషి అడిగింది పెట్టకపోతే పుట్టే బిడ్డకు చెవి కారుతుందని మా వైపు నమ్మకం. ఇక ఇంట్లో ఎవరికీ కాలు నిలవలేదు. అత్తగారికి అప్పటికి రెండు కళ్ళలోనూ శుక్లాలు. వానలు తగ్గాక ఒంగోలు తీసుకెళ్ళి ఆపరేషన్ చేయిద్దామనుకున్నాం. గట్టు దాకా నడవలేక ఆవిడ మా ఆయన్ని పంపింది.

ఆయన తువ్వాలు నిండా తెచ్చాడు. మిరప చేలో పశువుల ఎరువు కుప్ప పోసిన చోట దొరికాయట. తెల్లగా, నిండుగా, చూస్తేనే నోరూరేలా ఉన్నాయి. అత్తగారు స్నానానికి వెళ్ళి ఉంటే నేనే పొయ్యి మీద పెట్టాను. ఒకటి మాత్రం కూర గిన్నెలో పట్టక బయట నాపరాయి అరుగు మీద ఉంచాను. విషమైతే కూరలో వేసిన వెల్లుల్లి నల్లబడుతుందని అందరూ అంటారు కదా, వేసి చూశాం. తెల్లగానే ఉంది. ఎన్నాళ్ళకో నాకు ఆకలి వేసింది. కంచంలో అన్నం కలుపుతుండగా అత్తగారు తల తుడుచుకుంటూ వచ్చింది. వాసనకి ముఖం విప్పారింది.

"వేరు ఎంత పొడుగుందిరా?"

"మట్టి ఎందుకని పైకి కోసుకొచ్చానమ్మా."

ఆవిడ తడుముకుంటూ వెళ్ళి అరుగు మీద మిగిలినదాన్ని అందుకుంది. వేళ్ళతో నిమిరింది, వాసన చూసింది, కంటికి ఆనించుకుని వెలుతురుకేసి తిరిగింది. చాలాసేపు అలాగే నిలబడి, దాన్ని ఎక్కడిదక్కడ పెట్టేసింది.

"నాకు తెలవట్లా," అంది.

"వెల్లుల్లి నల్లబళ్ళేదమ్మా. ఫోన్లో తినే పుట్టగొడుగు బొమ్మ కూడా అచ్చం ఇట్టాగే ఉంది," అన్నాడు మా ఆయన.

ఆవిడ నా చేతిలో కంచం లాక్కుంది. కూర గిన్నెతో సహా తీసుకెళ్ళి పెరట్లో గుంట తీసి, కోళ్ళు కెలక్కుండా పైన మట్టి కప్పింది.

"అడిగిన కూర నోటి దగ్గర లాగేస్తే బిడ్డకి చెవి కారదా?" మా ఆయన అరిచాడు.

"చెవి కారాలన్నా ముందు బిడ్డుండాలి గదరా!" ఆవిడ అంతకన్నా గట్టిగా అరిచింది.

నాకు ఏడుపొచ్చింది. బిడ్డ మీద ప్రేమ కాదు, పచ్చి ఆకలి కోపం. ఆ పూట ముసుగు తన్ని పడుకున్నాను.

పొద్దున అరుగు ఊడుస్తూ ఆ మిగిలినదాన్ని ఎత్తాను. కింద నల్లరాయి మీద ముగ్గు! గొడుగు అడుగున ఉన్న సన్నటి మడతలన్నీ గీత గీతగా, మధ్య నుంచి అంచు దాకా, మెత్తటి పొడితో దిగిపోయి ఉన్నాయి. ఏ చెయ్యీ అంత పొందికగా వేయలేదు. చీపురు పక్కన పెట్టి కూర్చుండిపోయాను. ఆ పొడి తెలుపు కాదు, లేత ఆకుపచ్చ. మా ఆయన ఫొటో తీసి, మా చేలు చూడటానికి వచ్చే వ్యవసాయాధికారికి పంపాడు. వెంటనే ఫోన్ మోగింది. తిన్నారా అన్నది ఆయన మొదటి మాట. పచ్చ పొడి రాలిందంటే అది వాంతులూ విరేచనాలతో మనిషిని తోడేసే రకమట. దాని విషాన్ని వెల్లుల్లి పట్టివ్వదట.

అత్తగారి దగ్గరికి పరుగెత్తి చెప్పాను. ఇక ఊరంతా చాటుకుంటుందనుకున్నాను, ఆవిడ సంగతి నాకు తెలుసు కదా. "పచ్చగానా?" అని మాత్రం అడిగింది. అడిగి అక్కడే నేల మీద చతికిలబడింది.

"తెలిసి పారబొయ్యలేదమ్మాయ్. తెలవక పారబోశా. మంచియ్యేనేమో, పిల్ల నోటి కాడ కూడు లాక్కున్నానని కన్నంటుకోలా."

నేను పక్కన కూర్చున్నాను. తడుముకుని నా పొట్ట మీద చెయ్యి వేసింది.