ఐదు నిమిషాల రూలు

ఐదేళ్లుగా ఒక మాటను లోపల దాచుకుని తిరుగుతున్నాను. ఇంట్లోవాళ్లకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

గల్ఫ్ దేశంలో, అల్ ఖౌద్ అనే ఊళ్లో, ఒక చిన్న ఆఫీసులో వెబ్‌సైట్లు తయారుచేస్తాను. ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ కార్మికులు సెలవు పెట్టుకునే పోర్టల్ రాసింది నేనే. కాసేపు కదలిక లేకపోతే లాగిన్ దానంతటదే తెగిపోవాలి. ఎంతసేపటికన్నది నాకే వదిలేశారు. ఐదు నిమిషాలు పెట్టాను. ఫారంలో టైప్ చేస్తున్నంతసేపూ సర్వర్‌కు ఏ కబురూ అందదు, మనిషి లేచి వెళ్లిపోయాడనే అనుకుంటుంది. అది నాకు తెలుసు. తెగబోయే ముందు ఒక హెచ్చరిక, రాసినంతవరకు దాచే ఏర్పాటు, రెండూ కలిపి ఒక పూట పని. కానీ అది గురువారం సాయంత్రం, ఇక్కడ శుక్ర, శనివారాలు సెలవు. సీబ్ బీచ్‌లో స్నేహితులు ఎదురుచూస్తున్నారు. వెళ్లిపోయాను.

రెండు నెలలకు ఆ కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. నిజ్వా సైట్‌లో గంగారాం అనే తాపీమేస్త్రి, జగిత్యాల వైపు మనిషి, తనను పెంచిన అన్న చావుబతుకుల్లో ఉన్నాడని సెలవు పెట్టానంటున్నాడట. వాళ్లకేమీ చేరలేదు. సిస్టమ్‌లో ఏమైనా లోపముందా అని అడిగారు. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో నమోదయ్యే లాగ్ తెరిచాను. మూడు రోజుల్లో తొమ్మిది లాగిన్లు. తొమ్మిదీ ఐదో నిమిషంలో తెగిపోయాయి.

లోపమేమీ లేదు, ఆయనకే వాడటం రాదు అన్నాను.

ఎందుకలా అన్నాను? ఉద్యోగం పోతుందనా? పోయేది కాదు. మహా అయితే ఒక మాట పడేవాణ్ణి. ఆ మాత్రం కూడా పడలేకపోయానా?

మరుసటి ఏడాది ఆ నిజ్వా సైట్ కార్మికులుండే క్యాంపుకు కొత్త కంప్యూటర్ పెట్టడానికి వెళ్లాను. మెస్ హాల్లో పాత కంప్యూటర్ ముందు ఒకాయన కూర్చుని, వరసలో నిలబడ్డవాళ్లు రాయించుకుని తెచ్చిన కాగితాలు చూసి దరఖాస్తులు టైప్ చేస్తున్నాడు. సిమెంటుకు పగిలిన వేళ్లు. ఆ వేగానికి నేను నిలబడిపోయాను. పేజీ నిండా ఇంగ్లీషు, నాలుగు నిమిషాల్లో. ఎవరో గంగారామన్నా అని పిలిచారు.

ఇంత స్పీడు ఎలా వచ్చిందని అడిగాను.

"ఐదు నిమిషాలల్ల అయిపోవాలె గద సార్, అదే రూలు. నాకు ఇంగ్లీషు రాదు. రూమ్‌ల హైదరాబాదాయన కాయితం మీద రాసిస్తే ఒక్కొక్క అక్షరం చూసి కొట్టిన. తొమ్మిదిసార్లు పోయింది, పదోసారికి చేరింది. నేను ఊరికి పొయ్యేటాలకు అన్న బూడిదైండు. తప్పు నాదే సార్, చెయ్యి నిదానముండె. ఇంకెవ్వలకు అట్ల కావద్దని నేర్చుకున్న."

అట్టముక్క మీద అక్షరాలు గీసుకుని, డ్యూటీ అయ్యాక రోజూ సాధన చేశాడట.

లాగ్‌లో నేను చూసింది తొమ్మిది వరసలు. ఆ ఒక్కొక్క వరస వెనక, రాసిందంతా మాయమైనా మళ్లీ మొదటి అక్షరం దగ్గర కూర్చున్న మనిషి ఉన్నాడు. ఎవరినీ తిట్టకుండా, తనకు చేతకాలేదనుకుని, చేతనయ్యేదాకా నేర్చుకుని, నేర్చినదాన్ని పక్కవాళ్లకు పంచిపెట్టిన మనిషి. అలాంటి ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? ఆయన ముందు నేనెంతవాణ్ణి? నా తప్పే అని చెప్పడానికి నోరు తెరిచాను. బాగా కొడుతున్నారన్నా, అని మాత్రం అన్నాను. ఆయన నవ్వి తరవాతి కాగితం అందుకున్నాడు.

ఆఫీసుకు వచ్చి ఐదును ముప్పై చేశాను. హెచ్చరిక పెట్టాను, రాసింది పోకుండా చేశాను. ఎవరికీ చెప్పలేదు. ఆయన ఇప్పటికీ అంత వేగంగానే కొడుతున్నాడని విన్నాను.

క్షమించమని అడగను. అది మీ చేతుల్లో లేదు. ఆ రోజు నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట ఇది: అది రూలు కాదన్నా, నా బద్ధకం. మీ చెయ్యి నిదానం కాదు. రాశాను. కాస్త ఊపిరాడుతోంది.