కొమురవ్వ అడిగిన బండి

ఎర్రగుంటపల్లెలో ఎవరికి దెబ్బ తగిలినా, ఎవరికి నొప్పులొచ్చినా మొదటి పిలుపు కొమురవ్వకే. మంగలి మొగిలి పెండ్లాం ఆమె. కాన్పులు చేసేది, గాయాలు కడిగి కట్టేది, విరిగిన ఎముకకు వెదురు బద్దలు పెట్టి బిగించేది. తరిగొప్పుల చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లలో ఆమె చేతి మీద నమ్మకం ఉండేది. అయితే తన చెయ్యి ఎందాక పనిచేస్తుందో కొమురవ్వకు అందరికన్నా బాగా తెలుసు. అది దాటితే జనగామ దవాఖానే దిక్కు. ఆ దవాఖాన ఎనిమిది కోసుల దూరం. ఒక నులక మంచం, రెండు మోకులు, ఒక బొంగు, మోసే మనుషులు నలుగురు. ఊరికి ఉన్నది అంతే.

ఊరి దొర ఉండే గడీలో మాత్రం ఒక సవారి బండి ఉండేది. 1941లో వచ్చింది. పైన గుడ్డ గూడు, లోపల మనిషి కాళ్లు చాపి పండుకునేంత పొడుగు బల్ల, కుదుపు తెలియకుండా కింద ఇనుప కమాన్లు. దొరసాని సుగుణమ్మ పుట్టింటికి పోయినా, రైలెక్కడానికి జనగామ పోయినా అందులోనే. చూసినవాళ్లంతా అది దొర సొంత బండే అనుకున్నారు. కొమురవ్వ కూడా అట్లాగే అనుకున్నది.

1945 ఎండకాలంలో దొర గోవర్ధన్ రావు తోట బావిని వెట్టికి లోతు చేయించాడు. వొడ్డెర లింగయ్య అడుగున రాళ్లు ఎత్తుతుంటే పైనుంచి రాతిగుండు జారి తొడ మీద పడింది. కొమురవ్వ ఉరికొచ్చింది. తన చీర కొంగే చింపి తొడ పైభాగాన బిగించి, బద్దలు కట్టింది. నెత్తురు సన్నగిల్లింది గాని ఆగలేదు. అక్కడినుంచి నేరుగా గడీకి పోయింది.

"బాంచెన్ దొరా, జర బండి ఇయ్యిన్రి. మంచం మీద మోస్తే పాణం నిలువది."

దొర అరుగు మీదినుంచి లేవలేదు. "బండ్ల పరుపులున్నయి. నెత్తురంటితె ఎవడు కడుగుతడే? రేపు దొరసాని స్టేషన్‌కు పోవాలె."

"పరుపులు తీసేస్తం దొరా. వట్టి బల్ల మీదనే పండవెడ్తం. మల్ల నేనే కడిగి తెస్త."

"చెప్తే ఇనవడ్తలేదా?"

ఆ బండి అక్కడే, కొట్టం ముందర, కడిగి ఆరబెట్టి ఉంది. ఎడ్లు నీడకు నెమరేస్తున్నాయి. కొమురవ్వ ఆ ఎడ్ల వైపు ఒక్కసారి చూసి వెనక్కి తిరిగింది.

నలుగురు మంచం ఎత్తారు. లింగయ్య పెండ్లాం మణెమ్మ పక్కనే నడుస్తూ అతని నోట్లో తడిగుడ్డ పిండింది. నర్మెట దాటి రెండు కోసులు పోయాక లింగయ్య నీళ్లు మింగడం మానేశాడు. కొమురవ్వకు సంగతి తెలిసిపోయింది. కానీ మణెమ్మ మంచం దించనివ్వలేదు. "దవాఖానకు పోదాం, డాక్టరు చూడాలె" అని అదే మాట. జనగామ దాకా మోశారు.

కంపౌండరు గుడ్డ తొలగించి చూశాడు. "కట్టు ఎవరు కట్టిన్రు?"

"నేనే అయ్యా."

"మంచిగ కట్టినవు. రెండు గంటలు ముందు తెస్తే బతికేటోడు. అయినా మంచం మీద తెచ్చుడేంది? మీ ఊరికి బండి ఇచ్చిన్రు గద?"

కొమురవ్వ అతని దిక్కు తిరిగింది. "ఏం బండి?"

"లోకల్ ఫండు బండి. గూడు మీద ఎర్ర గుర్తుంటది. మందుల పెట్టె గుడ ఉంటది. ఈ తాలూకాల మూడు ఊర్లకు ఇచ్చిన్రు. దెబ్బలు తాకినోళ్లను, కాన్పు కష్టమైనోళ్లను తెచ్చెటందుకు. మీ ఊరి పెట్టెల పట్టీలు నేనే సర్ది పంపిన."

మణెమ్మ బయట వాకిట్లోనే కూలబడి ఉంది, ఈ మాటలు ఆమె చెవిన పడలేదు. ఏటా శిస్తుతో పాటు రూపాయికి అణా చొప్పున పట్వారి ఇంకో పన్ను గుంజేవాడు. దవాఖాన పేరు మీదనే గుంజేవాడు. అడిగితే సర్కారుకు కట్టాలె అనేవాడు. లింగయ్య కూడా తన గుంటెడు చెలకకు ఆ అణాలు కట్టాడు. తన పైసలతో వచ్చిన బండి కొట్టం ముందర ఆరుతుంటే, తను మంచం మీద నెత్తురు కారి చచ్చాడు. ఈ సంగతి మణెమ్మకు ఎట్ల చెప్పాలి? తోవ పొడుగునా కొమురవ్వ చెప్పలేకపోయింది.

పదిరోజుల మైల ముగిశాక చావడి కాడ పదిమంది ఉండగా దొరను అడిగింది. "దొరా, గా బండి మాదట గద? ఎర్ర గుర్తు ఎటు పాయె?"

దొర నోరు తెరవకముందే గుమాస్తా ఆమె చెంప మీద కొట్టాడు. ఆ తెల్లారి మొగిలిని ఎవరూ గడ్డం గీయడానికి పిలవొద్దని హుకుం వచ్చింది. ఆరు నెలలు ఆ ఇంట జొన్న గట్క కూడా సరిగ్గా లేదు. మొగిలి కోపం చేశాడు, "నీకెందుకే గీ లొల్లి" అని.  కొమురవ్వ మాత్రం కాన్పుకు పోయిన ప్రతి ఇంట్లో, బిడ్డ బొడ్డు కోస్తూ, బండి సంగతి చెప్పింది.

రెండేండ్లు తిరిగేసరికి కమ్యూనిస్టుల సంఘం ఊళ్లోకి వచ్చింది. గుత్పకర్రలు పట్టిన జనం గడీ చుట్టూ చేరేసరికి గోవర్ధన్ రావు ఇంటిల్లిపాదితో పట్నం పారిపోయాడు. అందరూ గాదెల దిక్కు ఉరికారు. కొమురవ్వ బండి కాడికి పోయింది. మొగిలి పొదిలోంచి కత్తి తీసి గూడు గుడ్డ మీది ఆకుపచ్చ రంగు గీకింది. జానెడు గీకేసరికి కింద ఎర్ర గుర్తు కనిపించింది. మందుల పెట్టె తెరిస్తే లోపల ఎండిన తమలపాకులు, వక్కలు ఉన్నాయి. బండి ఊరిదని మణెమ్మ అప్పటికే విన్నది; రెండు గంటలు ముందు తెస్తే లింగయ్య బతికేవాడన్న కంపౌండరు మాట మాత్రం కొమురవ్వ అప్పుడే చెప్పింది. మణెమ్మ ఏడవలేదు. ఆ తమలపాకులు తీసి బయట పారేసి, పెట్టె తుడిచింది.

పద్నాలుగు నెలలు ఆ బండి ఊరిదైంది. పంటకు ఇంటికి రెండు మానికల జొన్నలు ఇవ్వాలని, ఎడ్లు వంతుల వారీగా కట్టాలని సంఘం తీర్పు చేసింది. ఒక్క ఇల్లు కూడా కాదనలేదు. పాము కరిచిన లంబాడి పిల్లను తీసుకుపోయారు. రజాకార్లు తగలబెట్టిన వాడలోంచి ఒళ్లు కాలినవాళ్లను తెచ్చారు. ఒకసారి దారిలో తూటా తగిలి పడి ఉన్న పోలీసు జవానును కూడా కొమురవ్వ బండి ఎక్కించమన్నది. తుపాకులు పట్టిన సంఘం దళం పిలగాండ్లు అడ్డం వచ్చారు. "అక్కా, గీడు మనల కాల్చెటోడు."

"ఆని తొడ ముందుగాల కట్టనియ్యిన్రి. మాట్లాడేది తర్వాత మాట్లాడుదం" అన్నది ఆమె, కట్టు బిగిస్తూనే.

తర్వాత, 1948లో, ఇండియా యూనియన్ మిలిటరీ వచ్చింది. రజాకార్లు పోయారని జనం సంబురపడేలోపే, నెత్తిన కాంగ్రెసోళ్ల తెల్ల టోపీ పెట్టుకుని గోవర్ధన్ రావు అదే మిలిటరీ లారీలో దిగాడు. కమ్యూనిస్టులను మోసిన బండి అని దాన్ని పట్టుకుపోయారు. దానితో పాటు కొమురవ్వను కూడా.

"ఎవరెవర్ని మోసినవ్?" అడిగాడు క్యాంపు పోలీసు అమీను.

"పాణం మీదికొచ్చినోళ్లను."

"పేర్లు చెప్పు."

"పేరడిగి కట్టు కట్టలే సారూ."

అరికాళ్ల మీద కొట్టారు. ఎనిమిది నెలలు జైల్లో ఉంచారు. తిరిగొచ్చాక ఆమె నడకలో చిన్న ఈడ్పు మిగిలిపోయింది. బండి క్యాంపుకు కట్టెలు తోలీ తోలీ కమాన్లు విరిగి, పోలీసు ఠాణా వెనక తుమ్మ చెట్ల కింద పడి ఉంది. మళ్లీ మంచమే, మళ్లీ బొంగే. ఆ ఏడు బుచ్చమ్మ అనే మాలవాడ బాలెంత తోవలోనే పోయింది.

పాత సర్కారు పోయింది, కొత్త సర్కారు వచ్చింది. రూపాయికి అణా మాత్రం ఎటూ పోలేదు. 1951 మొదట్లో పట్వారి వసూలుకు వచ్చినప్పుడు కొమురవ్వ గడపలోనే కూర్చుంది.

"శిస్తు తీస్కో. దవాఖాన అణా మాత్రం ఇయ్య."

"ఎందుకియ్యవ్?"

"బండేది?"

పట్వారి నవ్వి పోయాడు. మూడో రోజు ఊరి నౌకరు మస్కూరిని వెంటబెట్టుకొచ్చి ఇంట్లో ఉన్న రాగి కాగు జప్తు చేశాడు. కాన్పులకు ఆమె నీళ్లు కాచే కాగు అది. పక్కింటి పెంటమ్మకు నెలలు నిండి ఉన్నాయి. ఆ కాగు పోవడం పెంటమ్మ తన కండ్లతో చూసింది. కడుపు పట్టుకుని వాకిట్లోకొచ్చి, "దవాఖాన పేరు చెప్పి కాన్పు కాగు గుంజుకపోతరా? సిగ్గున్నదా మీకు?" అని అరిచింది. ఆ అరుపు మూడు వాడలకు వినపడింది.

మర్నాడు తరిగొప్పుల నుంచి పట్వారి పై అధికారి గిర్దావరు వచ్చేసరికి చావడి ముందర జాగా లేదు. నలభై ఇండ్ల ఆడవాళ్లు గిన్నెలు, తపేలాలు, బిందెలు తెచ్చి వరసగా పెట్టి కూర్చున్నారు. ముందర మణెమ్మ ఉంది. "మావి గుడ జప్తు చెయ్యిన్రి. అణా ఎవ్వరం ఇయ్యం" అన్నది.

గిర్దావరు బెదిరించాడు. "గిది కమ్యూనిస్టుల పని. అందర్ని లోపలేస్త."

కొమురవ్వ కుంటుతూ లేచింది. "ఏసుకోన్రి సారూ. లోపల జూసొచ్చిన, నాకేం భయం లేదు. గని ఒక్క మాట చెప్పిపోన్రి. పదేండ్ల సంది మా ఎముకలిరిగినా, మా ఆడోళ్లు సచ్చినా, దవాఖాన పైసలు మేం కట్టినం. దొరసాని తిరిగింది. మీ పోలీసోళ్లు కట్టెలు తోలుకున్నరు. బండి తోలిన దొరను అడగరు, ఇరగ్గొట్టిన పోలీసును అడగరు. కాగు ఉన్న మంగలామె దొరికిందా మీకు?"

గిర్దావరు గిన్నెల వరస వైపు, వెనక నిలబడ్డ మగవాళ్ల వైపు చూశాడు. ఏదో రాసుకున్నాడు. పోతూ పోతూ కాగు తిరిగివ్వమని పట్వారికి చెప్పాడు. పెంటమ్మకు ఆ వారమే ఆడపిల్ల పుట్టింది.

అణా బందు రెండు పంటలు సాగింది. పక్క ఊళ్లు కూడా గిన్నెలు పట్టుకుని చావళ్ల ముందర కూర్చోవడం మొదలుపెట్టాక తాలూకా కదిలింది. వానకాలం చివర కొత్త బండి వచ్చింది. తహసీల్దారు వచ్చి పూలదండ వేయించాడు. బండిని గడీ కొట్టంలో పెట్టాలని గోవర్ధన్ రావు ముందుకొస్తే, వొడ్డెరవాడ ఆడవాళ్లు చక్రాలకు అడ్డం కూర్చున్నారు. బండి వాళ్ల వాడలోనే ఆగింది. చప్పట్లు అయ్యాక కొమురవ్వ ముందుకు వంగి కాడి చూసింది. తెచ్చిన ఎడ్లను అప్పటికే జనగామ వైపు తోలుకుపోతున్నారు.

"ఎడ్లేవి సారూ?"

"ఎడ్లకు మంజూరు లేదమ్మా. బండికే ఉన్నది."

కొమురవ్వ తహసీల్దారు మొహంలోకి చూసింది. ఏమన్నదో పక్కనున్న వాళ్లు ఇప్పటికీ బయటికి చెప్పరు. తహసీల్దారు మాత్రం జీపెక్కే దాకా తల ఎత్తలేదు.

నాలుగు రోజులకు తండా నుంచి చత్రు ఉరికొచ్చాడు, పెండ్లానికి బిడ్డ అడ్డం తిరిగిందని. మణెమ్మ కొడుకులు దున్నుతున్న ఎడ్లను నాగలి నుంచి విప్పి బండికి కట్టారు. కొమురవ్వ బల్ల మీద ఆమె పక్కనే కూర్చుని, నడుము పట్టుకుని, జనగామ దాకా ఆ తహసీల్దారును తిడుతూనే ఉంది. తల్లీ బిడ్డా బతికారు. ఎడ్లకు మంజూరు కావాలని ఆమె ఆ సాయంత్రమే, దవాఖాన మెట్ల మీద కూర్చుని, కంపౌండరు చేత అర్జీ రాయించింది.