పదకొండో నంబర్‌కి రిజెక్ట్

2023 మార్చి. బుకిట్ పంజాంగ్‌లో ఒక షాపింగ్ బ్లాక్ రెండో అంతస్తులో మా ఫిజియోథెరపీ క్లినిక్. నాలుగు బెడ్లు, వాటి మధ్య ఆకుపచ్చ కర్టెన్లు, ఒక మూల వ్యాయామాల కోసం పరిచిన రబ్బరు నేల. కిటికీ పక్కనుంచే ఎల్‌ఆర్‌టీ రైలు వెళ్తుంటుంది. అప్పటికి నేను ఈ పనిలోకి వచ్చి పద్నాలుగేళ్లు. మోకాళ్ల విషయంలో నాకు తెలియనిది లేదని లోలోపల కాస్త గర్వం ఉండేది. దాని గాలి తీసింది పెద్ద సర్జన్ ఎవరూ కాదు, నా దగ్గరికి కుంటుకుంటూ వచ్చిన ఒక పేషెంటు. పేర్లు మార్చి రాస్తున్నాను. సంబంధించిన ఇద్దరూ రాయమన్నారు.

సలీం అంకుల్‌ది హైదరాబాద్ పాతబస్తీ. తువాస్‌లో ఓడలు కట్టే యార్డులో ముప్ఫై ఏళ్లు వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఓడ ఇనుప రేకుల అతుకులు గట్టిగా ఉన్నాయో లేవో చూసి సంతకం పెట్టడం ఆ ఉద్యోగం. కుడి మోకాలు మార్చే ఆపరేషన్ అయ్యాక, వుడ్‌ల్యాండ్స్ నుంచి బస్సెక్కి మా క్లినిక్‌కే వచ్చేవారు. ఇంటి దగ్గర క్లినిక్కులు లేక కాదు, తెలుగులో తిట్టే ఫిజియో ఇక్కడ ఉందని ఎవరో చెప్పారట.

తిట్టక తప్పేది కాదు. ఆపరేషన్ తర్వాత మోకాలు పూర్తిగా చాచగలగడం ముఖ్యం. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని గట్టిగా నొక్కమంటాం. నొప్పి పుడుతుంది. అంకుల్ నాలుగుసార్లు నొక్కి పది అని లెక్క చెప్పేవారు. ఒక్క ఫుట్‌బాల్ సంగతి ఎత్తితేనే ఆయన నొప్పి మరిచిపోయి పని చేసేవారు.

ఆయన పిచ్చి పెద్ద క్లబ్బుల మీద కాదు. యూనివర్సిటీ, పాలిటెక్నిక్ జట్ల ఆటలు. మైదానం ఎక్కడున్నా వెళ్లి కూర్చుని, ఎవరు రేపు ప్రొఫెషనల్ అవుతారు, ఎవరు కారు అని తేల్చేవారు. దానికొక నోట్‌బుక్. యార్డులో వాడిన తనిఖీ పుస్తకమే, గడులు కొట్టి ఉంటుంది. ప్రతి ప్లేయర్ నంబర్‌కి ఎదురుగా అతుకులకు రాసినట్టే పాస్, రిపేర్, రిజెక్ట్ అని మూడింట్లో ఒకటి రాస్తారు.

"పాలిటెక్నిక్ గోల్‌కీపర్ ఉన్నడు జూడు డాక్టరమ్మా, చేతులు మంచిగున్నయి. కాని ఒక్క గోల్ పోతే పది నిమిషాలు దాన్నే తలుచుకుంట నిలబడ్తడు. రిపేర్. గా స్ట్రైకర్ చిన్న టీములొస్తే గోల్స్ కొడ్తడు, పెద్ద టీమొస్తే షూ లేసు కట్టుకుంటడు. రిజెక్ట్."

"పాస్ ఎవరికీ లేదా అంకుల్? నొక్కండి, ఆపకండి."

"ఉంది. యూనివర్సిటీ ఆడపిల్లల టీంల ఆరో నంబర్. జర లావుగుంటది, ఉరకదు. బాల్ కాడికొచ్చే ముందు రెండుసార్లు ఎన్కకు చూస్తది. పాస్."

"పరిగెత్తని మనిషికి పాసా?"

"ఉరికేది బాల్ గద బేటీ. ఆమెకేం పని?"

ఇలా నవ్వించేవారు. ఆ తీర్పు నా సొంత పేషెంటు మీద పడేదాకా నాకూ సరదాగానే ఉండేది.

ఆ పేషెంటు పేరు హరిణి. ఇరవై రెండేళ్లు. తండ్రిది నిజామాబాద్ అయినా పుట్టి పెరిగిందంతా ఇక్కడే, మాట చివర ఇక్కడివాళ్ల లాగే ఒక 'లా' తగిలిస్తుంది. యూనివర్సిటీ జట్టులో ఎడమ అంచున ఆడే వింగర్, పదకొండో నంబర్. తొమ్మిది నెలల కిందట ఒక మ్యాచ్‌లో ఎడమ మోకాలి ఏసీఎల్ తెగింది. మోకాలి లోపల పై ఎముకనూ కింది ఎముకనూ కలిపి పట్టుకునే గట్టి తాడులాంటిది అది. ఆపరేషన్ చేసి కొత్తది అమర్చారు. తర్వాత పనంతా నాది. ఆ అమ్మాయి ఒక్క రోజు కూడా వ్యాయామం ఎగ్గొట్టలేదు. ఐదు వారాల్లో ఒక క్లబ్ తన మహిళల జట్టుకు జీతమిచ్చి ఆడించే ప్లేయర్ల కోసం ట్రయల్ పెడుతోంది. మేలో డిగ్రీ అయిపోతే యూనివర్సిటీ జట్టు ఉండదు. బ్యాంకులో ట్రెయినీ ఉద్యోగం ఎదురుచూస్తోంది. ఈ ట్రయల్ పోయిందంటే ఆ తర్వాత ఫుట్‌బాల్ ఆదివారం కాలక్షేపమే. ఆ సంగతి తనకూ తెలుసు, నాకూ తెలుసు.

మా దగ్గర హాప్ టెస్ట్ అని ఒకటుంది. ఒంటికాలి మీద దూకించి, ఆపరేషన్ అయిన కాలు ఎంత దూరం వెళ్లిందో మంచి కాలితో పోలుస్తాం. తొంభై శాతం దాటితే ఆటకు పంపొచ్చు. హరిణి దర్జాగా దాటింది. అప్పటికే నా అనుమతితో ప్రాక్టీస్ మ్యాచుల్లో అరగంట చొప్పున ఆడుతోంది. ఇక ఆడుకోవచ్చంటూ క్లియరెన్స్ లెటర్ టైప్ చేసి సంతకానికి బల్ల మీద పెట్టుకున్నాను.

ఆ గురువారం కర్టెన్‌కి అటు హరిణి సైకిల్ తొక్కుతోంది, ఇటు అంకుల్ తువ్వాలు నొక్కుతున్నారు. లోపలికి వస్తున్నప్పుడే ఆమెను గుర్తుపట్టినట్టున్నారు.

"గా పిల్ల పదకొండో నంబరే గద?" అన్నారు. తన లెక్కలో అది గుసగుస. యార్డు రొదలో ముప్ఫై ఏళ్లు పనిచేసిన గొంతు మరి. "నా బుక్కుల ఉంది. రిజెక్ట్."

సైకిల్ ఆగింది. కర్టెన్ జరిగింది.

"అంకుల్, యూ టాకింగ్ అబౌట్ మీ, ఈజ్ ఇట్?"

నోరు జారినందుకు ఆయన కంగారుపడ్డారు కానీ మాట మార్చలేదు. "అవును బేటీ. ప్రొఫెషనల్ కావు నువ్వు. నాకు అబద్ధం రాసుడు రాదు."

"ఐ పాస్డ్ ఎవ్రీ టెస్ట్ లా! ఆంటీ, చెప్పండి ఈ అంకుల్‌కి!" అంటూ బ్యాగ్ తీసుకుని వెళ్లిపోయింది. కళ్లలో నీళ్లు.

నాకు ఒళ్లు మండింది. "ఇది క్లినిక్కా, స్టేడియమా అంకుల్? తొమ్మిది నెలలు ఆ అమ్మాయి ఎంత కష్టపడిందో మీకు తెలుసా?" అని గట్టిగానే అన్నాను. ఆయన తల వంచుకుని అంతా విన్నారు. తర్వాత నోట్‌బుక్ తెరిచి నా ముందు పెట్టారు.

"దెబ్బ తగలక ముందు ఈ పిల్ల ఎడమ దిక్కు బాల్ తీసుకొని లోపలికి, గోల్ దిక్కు, తిరుగుతుండె. అదే ఆమె ఆట. ఇప్పుడు రెండు మ్యాచులు జూసిన. ఒక్కసారన్న తిరగలే. సైడు గీత పొంటే పోతది. గోల్ దిక్కు పోని వింగర్ ఎందుకమ్మా?"

లోపలికి తిరగాలంటే ఎడమ కాలు నేలలో గట్టిగా ఊని తొయ్యాలి. నేను బాగుచేశానని లెటర్ టైప్ చేసుకున్న కాలే అది.

నమ్మబుద్ధి కాలేదు. శనివారం ప్రాక్టీస్ మ్యాచ్‌కి వెళ్లి కూర్చున్నాను. హరిణికి మూడుసార్లు బంతి దొరికింది. మూడుసార్లూ లోపల ఖాళీ ఉంది. కోచ్ "ఇన్‌సైడ్, ఇన్‌సైడ్" అని అరుస్తూనే ఉన్నాడు. మూడుసార్లూ ఆమె గీత వెంటే పరిగెత్తింది. ఇంటికొచ్చి ఆమె రిపోర్టులన్నీ మళ్లీ తిరగేశాను. అన్ని పరీక్షల్లోనూ నెగ్గిన కాలు మైదానంలో ఎందుకు దాక్కుంటోందో నాకు అంతుపట్టలేదు.

మంగళవారం హరిణి వచ్చింది. ముభావంగా ఉంది. మళ్లీ హాప్ టెస్ట్ చేద్దామని గీత దగ్గర నిలబెట్టి, అలవాటు ప్రకారం "రెడీ? త్రీ, టూ..." అన్నాను. అక్కడే నా నోరు ఆగిపోయింది.

ఇన్ని నెలలుగా ప్రతి దూకుకీ ముందు నేను ఆ లెక్క చెబుతూనే ఉన్నాను. ప్రతి పరీక్షలోనూ ఏ కాలు ఊనాలో, ఎప్పుడు ఊనాలో ఆమెకు ముందే తెలుసు. చెప్పి చేయించినప్పుడు ఆ కాలు అద్భుతంగా పనిచేసింది. చెప్పకుండా చేస్తే ఏమవుతుందో నేను ఒక్కసారీ చూడలేదు.

ఆమెను నడుస్తూ రమ్మని, ఏమీ చెప్పకుండా బంతిని ఆమె కుడివైపుకి దొర్లించాను. హరిణి ఎడమ కాలు ఊనబోయి, చివరి క్షణంలో ఎత్తేసి, రెండు చిన్న అడుగులు వేసి తిరిగింది. ఇంకోసారి. మళ్లీ అదే. ఆరుసార్లు చేసినా ఆ కాలు నేలను నమ్మలేదు.

హరిణి రబ్బరు నేల మీద కూర్చుండిపోయింది. "ఐ డిడ్న్‌ట్ నో, ఆంటీ. గీత వెంట నేనే కావాలని వెళ్తున్నాననుకున్నా."

నాకు తల కొట్టేసినట్టయింది. "తప్పు నాది, నీది కాదు," అని ఆమె ముందే క్లియరెన్స్ లెటర్ చించేశాను. ట్రయల్‌కి నాలుగు వారాలే ఉంది. తర్వాత హరిణే ముక్కు తుడుచుకుని అంది: "ఆ అంకుల్‌ని పిలవండి. ఎవరికీ కనబడంది ఆయనకి కనబడింది కదా. కాల్ హిమ్ లా."

అలా మొదలైంది. వారానికి మూడు రోజులు. రబ్బరు నేల మీద రెండు ప్లాస్టిక్ కోన్లు. హరిణి పరిగెత్తుకుంటూ వస్తుంది. ఎత్తు బెడ్ అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న అంకుల్, ఆమె కోన్ల దగ్గరికి వచ్చాక కుడి అనో ఎడమ అనో అరవాలి. ఆయన అరుపుకి నేనొక షరతు పెట్టాను. అరిచేటప్పుడు ఆయన మోకాలు పూర్తిగా చాచి ఉండాలి. వంగి ఉంటే ఆ అరుపు చెల్లదు.

ఆయన ఆ పని ఎంత మనసుపెట్టి చేశారంటే, మోసాలు కూడా మొదలుపెట్టారు. "కు..." అని మొదలెట్టి "ఎడమ!" అనేవారు.

"ప్లే ఫెయిర్ లా, అంకుల్!"

"డిఫెండర్ చెప్పి వస్తదా బేటీ? సముద్రంల అల ఎటు నుంచి వస్తదో ఓడకు చిట్టీ పంపుతదా?"

మొదటి వారం ఫలితం లేదు. రెండో వారం కాలు ఊనింది కానీ ఆలస్యంగా, ఒకసారి పడిపోయింది కూడా. నేను పరిగెత్తుకెళ్లాను. ఆమె మాత్రం మోకాలు పట్టుకుని చూసుకుని, "ఇట్స్ హోల్డింగ్, ఆంటీ!" అని నవ్వింది. పడినా తెగదని ఆమెకు అప్పుడే నమ్మకం కుదిరింది. మూడో వారం అంకుల్ అరుపు పూర్తయ్యేలోపే ఎడమ కాలు నేలలో దిగబడి, ఆమె కుడివైపుకి దూసుకుపోయింది. నాలుగో వారం చివర అంకుల్ మోకాలు కొలిచి చూస్తే అదీ పూర్తిగా చాచుకుంటోంది. తువ్వాలుతో నేను సాధించలేనిది ఆ అరుపులు సాధించాయి. ఆయన అసలు గమనించనే లేదు.

ట్రయల్ శనివారం సాయంత్రం, క్లబ్ రెండో జట్టుతో మ్యాచ్ రూపంలో జరిగింది. చేతికర్ర ఇంట్లో పెట్టేసి వచ్చిన అంకుల్ స్టాండ్ పై వరస దాకా మెట్లెక్కారు. "కింద కూసుంటే కాళ్లు కనబడవ్," అన్నారు. మొదటి సగంలో హరిణికి బంతే సరిగ్గా అందలేదు. నా గోళ్లు అయిపోయాయి.

రెండో సగం మధ్యలో ఎడమవైపు బంతి వచ్చింది. వీపు మీదికి ఒక డిఫెండర్. గీత వెంట దారి ఉంది. ఒక్క క్షణం ఆ దారి వైపే భుజం వంచింది. అంకుల్ మోకాలు చాచి పళ్ల మధ్య "కుడి" అన్నారు. మైదానంలో ఆ మాట ఎవరికీ వినబడే అవకాశం లేదు. హరిణి ఎడమ కాలు ఊని లోపలికి తిరిగింది. డిఫెండర్ గీత వైపు వెళ్లిపోయింది. మూడడుగులు వేసి కుడి కాలితో కొట్టింది. బంతి గోల్ పై దూలాన్ని రాసుకుని లోపల పడింది.

నేను ఏమని అరిచానో గుర్తులేదు కానీ రెండు రోజులు గొంతు లేదు. పక్కకి చూస్తే అంకుల్ రెండు కాళ్ల మీదా గెంతుతున్నారు. "మోకాలు మార్చిన మనిషి గెంతకూడదు అంకుల్!" అని ఆయన భుజం పట్టుకుని, నేనూ గెంతాను.

బుధవారం క్లబ్ నుంచి హరిణికి ఫోన్ వచ్చింది. కాంట్రాక్ట్ ఇస్తున్నారు. మొదట వాళ్లమ్మకి చెప్పి, తర్వాత నాకు చెప్పి, మూడో ఫోన్ సలీం అంకుల్‌కి చేసిందట.

ఈ కేసు నాకు నేర్పింది చిన్న విషయమే కానీ, నా పని తీరునే మార్చింది. నేను పెట్టిన పరీక్షలో నెగ్గితే మనిషి బాగయ్యాడనుకునేదాన్ని. ఇప్పుడు ఆఖరి పరీక్షల్లో రెడీ అనను, లెక్క చెప్పను. మాట్లాడుతూ మాట్లాడుతూ బంతి విసిరేస్తాను. పేషెంట్లు తిట్టుకుంటారు. తిట్టుకోనీ. ఇంకొకటి కూడా ఉంది. స్టాండ్‌లో కూర్చుని అభిప్రాయాలు చెప్పేవాళ్లను ఇప్పుడు తేలిగ్గా కొట్టిపారేయను. వాళ్లు మనకంటే ఎక్కువసేపు చూసి ఉంటారు.

ఆ శుక్రవారం హరిణి క్లినిక్‌కి కర్రీ పఫ్‌ల డబ్బా పట్టుకొచ్చింది. అంకుల్ నోట్‌బుక్ తెచ్చారు. ఇన్‌స్పెక్టర్లు రాసినదాన్ని చెరపరట. ఒకే గీతతో కొట్టేసి, పక్కన తేదీ వేసి సంతకం పెడతారట. పదకొండో నంబర్ ఎదురుగా ఉన్న రిజెక్ట్‌ని అలాగే కొట్టేసి, పాస్ అని రాసి, సంతకం చేశారు. తర్వాత పెన్ను నా వైపు చాచారు.

"కింద ఇంకొక గడి ఉంది జూడు. రిపేర్ చేసినోళ్ల సంతకం. యార్డుల వెల్డర్ పెడ్తడు."

"తప్పు పట్టుకుంది మీరు కదా అంకుల్?"

"పట్టుకున్నోనిది పై గడి డాక్టరమ్మా. నాది నేను పెట్టిన."

"సైన్ లా, ఆంటీ," అంది హరిణి నోట్లో పఫ్ పెట్టుకునే.

పద్నాలుగేళ్లలో ఎన్నో లెటర్ల మీద సంతకాలు పెట్టాను. పేరంతా పూర్తిగా రాసింది మాత్రం ఆ ఒక్క గడిలోనే.