ఉతకని చొక్కాలు

మా కింది వాటాలో ఉండే పిన్ని గేటుకి చాలాకాలం ఒక కాగితం అతికించి ఉండేది. "ఊరెళ్తున్నారా? మీ కుక్కని మా ఇంట్లో ఉంచుకుని చూస్తాం. ఉన్నది ఉన్నట్టు చెప్తాం."

ఆ చివరి మాట దగ్గరే అందరూ ఆగేవాళ్లు. ఒకసారి ఒకాయన గేటు బయట నిలబడే అడిగాడు.

"ఉన్నది ఉన్నట్టు చెప్తాం అంటే ఏంటండీ?"

"మీవాడు నా చెప్పు కొరికితే కొరికాడని చెప్తా. విరేచనాలైతే ఎన్నయ్యాయో చెప్తా. భేషుగ్గా ఉన్నాడండీ, మీరు హాయిగా తిరిగి రండి అని మాత్రం పాట పాడను. పాడేవాళ్లు కావాలంటే పక్క వీధిలో ఉన్నారు."

"చెప్పు కొరికితే కొత్త జత కొనిస్తాం లెండి."

"అక్కర్లేదు. ఎడమది కొరికితే కుడిది కూడా దానికే ఇచ్చేస్తా. ఒంటి చెప్పుతో నేనేం చేసుకోను?"

ఆయన నవ్వేశాడు. మర్నాడు కుక్కను తెచ్చి అప్పగించాడు.

ఆవిడ నాకు చుట్టమేమీ కాదు. వీధి వీధంతా కుక్కల పిన్ని అంటే నేనూ పిన్నీ అనేదాన్ని. ఇరవై రెండేళ్లు బస్ స్టేషన్‌లో ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చున్న మనిషి. బండి దారిలో చెడిపోయిందని తెలిసినా "ఇంకో పది నిమిషాల్లో వచ్చేస్తుంది" అనే చెప్పాలని పైవాళ్ల ఆర్డరట. చంటిపిల్లల్ని చంకనేసుకుని, మూటలు కాళ్ల దగ్గర పెట్టుకుని, జనం ఆ పది నిమిషాల్ని నమ్ముకుని రెండేసి గంటలు నిలబడేవాళ్లట.

"ఒకామె మూడోసారి వచ్చి అడిగింది. నేను మళ్లీ పది నిమిషాలన్నా. నా మొహంలోకి చూసి, నీకు తెలుసు కదూ, అనేసి వెళ్లిపోయింది. తిట్టినా బావుండేది అమ్మాయ్. అది ఇప్పటికీ చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది."

అందుకని ఉద్యోగం మానేశాక ఎదురుచూసేవాళ్లకి ఇక అబద్ధం చెప్పనని ఒట్టు పెట్టుకుంది. కుక్కని వదిలి వెళ్లినవాళ్లు కూడా ఎదురుచూసేవాళ్లే కదా. రోజూ సాయంత్రం ఆరింటికి ఆవిడే ఫోన్ చేసేది. తిన్నదీ తిననిదీ, పడుకున్నదీ అరిచిందీ, దాచకుండా చెప్పేది. ఆ ఫోన్ కోసమే దూరపు వీధులవాళ్లు కూడా తమ కుక్కల్ని ఆవిడకే తెచ్చి ఇచ్చేవాళ్లు.

ఆవిడకి ఇంకో పద్ధతి కూడా ఉండేది. ఊరెళ్లేవాళ్లు కుక్కతోపాటు తాము తొడిగి విడిచిన బట్టలు ఇవ్వాలి. ఉతక్కూడదు. ఒక్కోటి ఒక్కో ప్లాస్టిక్ సంచిలో గాలి పోకుండా మూతి బిగించి పెట్టేది. ఒకటి తీసి కుక్క పడుకునే చోట పరిచేది. నాలుగు రోజులకి దాని వాసన చచ్చాక ఇంకోటి తీసేది.

"మనిషి ఊరెళ్లాడని కుక్కకి తెలీదు. మనిషి లేడని మాత్రమే తెలుస్తుంది. లేడంటే దాని లెక్కలో పోయాడనే. ఈ బట్ట ఉన్నంతసేపూ పోలేదు, పక్కగదిలో ఉన్నాడు," అనేది.

నేను సూక్ష్మజీవుల మీద చదువుకున్నాను. పాప పుట్టకముందు నీళ్లు పరీక్షించే ల్యాబులో పని చేశాను. పాప పాకడం మొదలుపెట్టాక, నేల మీద నాకు కనిపించేది నేల కాదు. మా ఆయన షిఫ్టు నుంచి రావడానికి ఏడవుతుంది. ఇద్దరమే ఇంట్లో ఉంటే పాప తుమ్మినా థర్మామీటరు తీస్తానని తెలిసి, పిన్నే పిలిచేది. "కిందకి రా. ఒక్కదానివే కూర్చుంటే బుర్ర దయ్యాల కొంప అవుతుంది." నేను వెళ్లేదాన్ని, జేబులో చేతులు కడుక్కునే మందు సీసాతో.

అలా వెళ్తున్న రోజుల్లోనే కండక్టర్ వచ్చాడు.

కండక్టర్ అంటే కుక్క. ఒక చెవి చిరిగిన పన్నెండేళ్ల ముసలి కుక్క. దాని యజమాని పక్క సందులో ఒంటిగదిలో ఉండే రిటైరైన బస్సు డ్రైవరు. ఆయన గొంతు వినిపిస్తే చాలు, తోకతో నేలమీద రెండు దెబ్బలు కొట్టి ఆగేది. ఇంకో మాట వినపడితే మళ్లీ రెండే. బండి కదలొచ్చని కండక్టరు బస్సు రేకు మీద కొడతాడే, అచ్చం అలాగ. అందుకే ఆ పేరు.

ఆయనకి తుంటి ఎముక ఆపరేషన్. పది రోజుల్లో పంపించేస్తామన్నారు. మూడు చొక్కాలు చంకలో పెట్టుకుని వచ్చాడు.

"చెల్లెమ్మా, ఒక్కోటీ మూడు రోజులు తొడిగాను. నా పక్కన ఎవరూ కూర్చోలేదు. సరిపోతుందా?"

"భేషుగ్గా సరిపోతుంది. గుమ్మంలోకి రాకముందే తెలిసిపోయింది అన్నయ్యా నువ్వొస్తున్నట్టు."

"బస్సు నడిపినన్నాళ్లూ నీవల్ల తిట్లు తిన్నాను. నువ్వు కిటికీలో కూర్చుని పది నిమిషాలనేదానివి, నేను రెండు గంటలకి వచ్చేవాణ్ని, జనం నా చొక్కా పట్టుకునేవాళ్లు."

"నువ్వు టైముకి తగలడితే నాకా పాపం ఉండేది కాదు."

వెళ్లేముందు ఆయన వంగలేక, కర్ర గోడకి ఆనించి, గోడ పట్టుకుని దాని తల నిమిరాడు. "దీన్ని చూసుకో. నాకింకెవరూ లేరు," అని అనలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లడానికి వచ్చిన ఆయన మేనల్లుడు బయట ఆటోలో కూర్చుని హారన్ కొట్టిస్తున్నాడు. "రైట్," అన్నాడంతే. తోక రెండుసార్లు నేలని తాకింది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం పిన్ని పన్ను పీకించుకోవడానికి వెళ్లింది. "ఒక్క గంట కూర్చో అమ్మాయ్. నోరు మూసుకుని ఎక్కువసేపు ఉండలేను కాబట్టి తొందరగానే వస్తా."

ఆ ముందురోజు నుంచి పాప మెడ మీద ఎర్రటి దద్దుర్లు. కుక్కల చర్మం మీద పెరిగే బూజు పేర్లన్నీ నా తలలో వరసగా తిరుగుతున్నాయి. నేను వంటింట్లో నీళ్లు తాగి వచ్చేసరికి పాప కండక్టర్ పక్కన బోర్లా పడుకుని ఆ చొక్కా కాలరు నోట్లో పెట్టుకుని చీకుతోంది. కండక్టర్ ఏమీ అనకుండా చూస్తోంది.

చొక్కా లాగేశాను. అరలో ఉన్న మిగతా రెండూ, వాసన పోయినదాన్నీ ఇంకా సంచి విప్పనిదాన్నీ, తీశాను. వేడినీళ్లు కాచి, క్రిములు చచ్చే మందు పోసి, సబ్బుపొడి వేసి, మూడూ నానబెట్టి ఉతికి పెరట్లో ఆరేశాను. ఎల్లుండి ఆయన వచ్చేస్తాడు కదా, రెండు రోజులకి ఏమవుతుందిలే అనుకున్నాను. వాసన అంటే గాలిలోకి లేచే అణువులని, కుక్క ముక్కు వాటిని ఎలా పట్టుకుంటుందో బొమ్మ వేసి పరీక్షలో రాసినదాన్ని.

పిన్ని దవడకి దూది పెట్టుకుని వచ్చింది. తీగ మీద చొక్కాల్ని చూసింది. దూది తీసి చేతిలో పట్టుకుంది.

"ఉతికావా?"

"పాప నోట్లో పెట్టుకుంది పిన్నీ..."

తీగ దగ్గరికి వెళ్లి ఒక చొక్కా కాలరు ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. తర్వాత, "పాపకి జ్వరమేం లేదు కదా?" అంది.

ఆరింటికి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టి కండక్టర్ పక్కన నేల మీద ఉంచి చేయడం అలవాటు. నేను అక్కడే ఉన్నాను. "అన్నయ్యా, చొక్కాలు పొరపాటున నేనే ఉతికేశాను," అంది. ఒట్టు పెట్టుకున్నాక ఆవిడ చెప్పిన మొదటి అబద్ధం అది. నాకోసం చెప్పింది.

"పోనీలే చెల్లెమ్మా, ఎల్లుండి నేనే వస్తున్నాగా. వాసనతో సహా!" అని ఆయన నవ్వాడు. తోక రెండుసార్లు కొట్టింది.

ఎల్లుండి ఆయన రాలేదు. కుట్ల దగ్గర చీము పట్టింది. ఇంకో రెండు వారాలైనా ఉండాలన్నారు. నేను పాప మెడ చుట్టూ వెతుకుతున్న సూక్ష్మజీవి అక్కడ ఆయన తుంటిలో ఉంది. పాప దద్దుర్ల సంగతికొస్తే, పిల్లల డాక్టరు చూసి, "బట్టలకి ఏం వాడుతున్నారమ్మా? ఆ సబ్బుపొడి మార్చండి," అంది. అంతే.

కండక్టర్ ఆరిన చొక్కా దగ్గరికి వెళ్లి వాసన చూసి తుమ్మింది. మళ్లీ చూసింది. గది నాలుగు మూలలూ తిరిగి తలుపు దగ్గర కూర్చుంది. అన్నం ముట్టలేదు. పిన్ని చేతిలో పెట్టి తినిపిస్తే రెండు ముద్దలు తింది, మర్నాడు అదీ లేదు.

మేం చేయనిది లేదు. మేనల్లుడు ఆసుపత్రి నుంచి ఆయన కట్టుకున్న పంచె తెస్తే అది ఆసుపత్రి వాసనే కొట్టింది. కండక్టర్ మొహం తిప్పుకుంది. ఆయన గదిలో దుప్పటైనా దొరుకుతుందని తాళం తీయించాం. గది తళతళలాడుతోంది. నేల తుడిచి, దుప్పట్లు ఉతికి మడతపెట్టి ఉన్నాయి.

"మామయ్య వచ్చేసరికి శుభ్రంగా ఉండాలని మా ఆవిడతో చేయించానండీ," అన్నాడు మేనల్లుడు సంతోషంగా.

పిన్ని గుమ్మంలోనే నిలబడిపోయింది. "మంచి పని చేశారు బాబూ," అంది.

పశువుల డాక్టరు వచ్చి కడుపు నొక్కి చూశాడు. రక్తం పరీక్ష చేయించి మూత్రపిండాలు చెడ్డాయన్నాడు. వయసు కూడా అన్నాడు. "చొక్కాలు ఉతకడం వల్లేనా డాక్టరుగారూ?" అని అడిగాను. "అలా చెప్పలేమమ్మా. అవునని చెప్పలేం, కాదనీ చెప్పలేం," అన్నాడు. నా చదువు కూడా నాకు అదే చెప్పింది. ఒక కుక్క, ఒక్కసారి జరిగిన సంగతి, పోల్చి చూడటానికి ఇంకోటి లేదు, కాబట్టి రుజువు లేదు. ఆ వాక్యాన్ని పట్టుకుని రెండు రోజులు వేలాడాను.

పిన్ని మాత్రం ఆరింటికి ఉన్నది ఉన్నట్టే చెప్తూ వచ్చింది. "ఇవాళ రెండు ముద్దలు." "ఇవాళ నీళ్లు మాత్రం తాగాడు." "ఇవాళ ఏమీ లేదన్నయ్యా." అవతల నుంచి ఆయన, "కండక్టర్, రైట్ రా," అనేవాడు. తోక లేచేది. దెబ్బ నేలని తాకీ తాకనట్టు ఉండేది.

ఆ వారంలోనే ఒక ఉదయం మేనల్లుడు ఫోన్ చేశాడు.

"పిన్నిగారూ, మీ నిజం మా మామయ్యని చంపేసేలా ఉంది. నిన్న సెలైన్ సూది పీకేసుకున్నాడు. ఇంటికెళ్తానని మంచం దిగబోయాడు. వాడు తిననిదే నేనెలా తింటానంటున్నాడు. మీకు దణ్ణం పెడతాను. తిన్నాడని చెప్పండి. ఒక్క మాట."

"నేను అలా చెప్పను బాబూ. అందుకే నాకు వదిలి వెళ్లాడాయన."

"ఆయన పోయాక ఎవరికి చెప్తారు నిజం?"

పిన్ని ఫోన్ పెట్టేసింది. నేను అన్నాను, "ఉతికింది నేనేనని ఆయనకి నేను చెప్పేస్తాను పిన్నీ."

"చెప్తే? నీ బరువు దిగుతుంది. ఆయనకేం దిగుతుంది?"

సాయంత్రం ఆరింటికి ఆవిడ మాట్లాడిన గొంతు అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. "తిన్నాడన్నయ్యా. కొంచెం కోలుకుంటున్నాడు. ఇంకో నాలుగు రోజుల్లో మామూలైపోతాడు." ఎంతో మర్యాదగా, స్పష్టంగా, ఎవరిదీ కాని గొంతు. కిటికీ వెనక గొంతు. అవతల ఆయన ఊపిరి వదలడం స్పీకర్లో వినిపించింది. "బతికించావు చెల్లెమ్మా," అన్నాడు.

మూడు రోజులు అలా గడిచాయి. ఆయన తింటున్నాడని మేనల్లుడు కబురు చెప్పాడు. కండక్టర్ తల ఎత్తడం మానేసింది. గురువారం మధ్యాహ్నం కాళ్లు కొట్టుకుంది. అరవడానికి ఓపిక లేక గొంతులోంచి సన్నగా మూలిగింది. అలా గంటన్నర. పిన్ని దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కన ఆ ఉతికిన చొక్కా ఉంది, మంచి సబ్బు వాసనతో. రెండింటికి అయిపోయింది. పెరట్లో నీళ్ల పైపు పక్కన ఇద్దరం గొయ్యి తవ్వాం. పాప గడప మీద కూర్చుని మట్టిని చూస్తోంది. నేను ఆ రోజు దాని చేతులు కడగలేదు.

ఆరయింది. పిన్ని ఫోన్ వంక చూస్తూ కూర్చుంది. చేయకపోతే ఆయనకి తెలిసిపోతుంది. చేసింది.

"ఎలా ఉన్నాడు చెల్లెమ్మా?"

"బాగానే ఉన్నాడన్నయ్యా."

"ఏదీ, పక్కన పెట్టు."

పిన్ని ఫోన్‌ని ఖాళీ చాప మీద పెట్టింది.

"కండక్టర్! డాక్టరు సోమవారం పంపిస్తానన్నాడు రా. రైట్?"

పిన్ని చేయి ఎత్తి అరచేత్తో నేల మీద కొట్టింది. ఒకటి, రెండు. అక్కడ ఆగాల్సింది. ఆగలేకపోయింది. మూడు, నాలుగు, ఐదు... కళ్లు మూసుకుని కొడుతూనే ఉంది. నేను చేయి పట్టుకోవాలనుకున్నాను. నా చేయి లేవలేదు.



"చాల్లే చెల్లెమ్మా," అన్నాడాయన నెమ్మదిగా. "చెయ్యి నొప్పెడుతుంది."

పిన్ని చేయి నేల మీదే ఉండిపోయింది.

"ఎప్పుడు?"

"మధ్యాహ్నం. రెండింటికి."

"బాధపడ్డాడా?"

ఆ ఒక్క చోట అబద్ధం ఆడొచ్చని నాకు అనిపించింది. ఎవరైనా ఆడతారు. పిన్ని నా వంక చూసింది, పాప వంక చూసింది.

"పడ్డాడన్నయ్యా," అంది.

ఫోన్ కట్టయింది.

ఆయన ఆ సందుకి తిరిగి రాలేదు. మేనల్లుడు గది ఖాళీ చేసి ఆయన్ని తనతో తీసుకెళ్లాడు. మూడు చొక్కాలూ ఇస్త్రీ చేసి పిన్ని పంపించింది. అందాయన్న కబురైనా రాలేదు. ఉతికింది నేనని ఆయనకి ఇప్పటికీ తెలీదు.

గేటు మీద కాగితం పీకేసినా గమ్ము మరక పోలేదు. పోయిన వారం ఒక జంట చిన్న కుక్కపిల్లని ఎత్తుకుని వచ్చారు. నేను పాపని ఎత్తుకుని మెట్లు దిగుతున్నాను.

"పిన్నిగారూ, మీరు చాలా నమ్మకస్తులని ఎవరో చెప్పారండీ. నాలుగు రోజులే."

"నేను అబద్ధం చెప్తానండీ," అంది పిన్ని. "వేరే చోట చూసుకోండి."

వాళ్లు జోక్ అనుకుని నవ్వారు. నవ్వు ఆగేదాకా నిలబడి, పిన్ని తలుపు వేసుకుంది.