తుల్సక్క రీస్టార్ట్ చేయలేదు

తుల్సీబాయి గురించి ఎవరిని అడిగినా మొదట ఆమె వేళ్ల గురించే చెబుతారు, ఎంత వేగంగా కొడుతుందో అని. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. వేళ్లు అందరికీ పదే ఉంటాయి. చెప్పుకోవలసింది ఆమె మొండితనం గురించి. జనగామలో కలెక్టరేట్‌కు పోయే దారిలో కరుణాకర్ అన్న కంప్యూటర్ సెంటర్ ఉంది. అందులో జిరాక్సు మిషన్ నాది, తెలుగు టైపింగ్ తుల్సక్కది. పద్నాలుగేళ్లుగా పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం, నాకు తెలియనిది ఇంకెవరికి తెలుస్తుంది?

ఆమెది నర్మెట్ట దగ్గరి తండా. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు. టైపు చేసేటప్పుడు కీబోర్డు వైపు చూడనే చూడదు. నిరుటి నుంచి ఆ పని బాగా తగ్గిపోయింది. ఫోన్‌లో నోటితో చెబితే అక్షరాలు వాటంతట అవే పడుతుంటే టైపిస్టు దగ్గరికి ఎవరొస్తారు? ఒకరోజు కరుణాకర్ అన్న మొహమాటం లేకుండా అనేశాడు. "తుల్సీ, ఇగ నీ కుర్చీ నడువది. వేరే పని సూసుకో."

నేనైతే ఇంటికి పోయి ఏడ్చేదాన్ని. తుల్సక్క అదే కుర్చీలో కూర్చుని, మధ్యాహ్నాలు ఖాళీ దొరికినప్పుడల్లా గేమ్ స్క్రిప్టింగ్ నేర్చుకుంది. ఆరు నెలలు. ఆమె చేసిన ఆటలో ఒక ఆడమనిషి మక్కచేనుకు కావలి ఉంటుంది. బాణం మీటలు నొక్కితే నడుస్తుంది, జె నొక్కితే గట్టు మీంచి దూకుతుంది, కె నొక్కితే కేక వేసి కోతులను తరుముతుంది. మొదట్లో ఆట తెరవగానే ఆ మనిషి దానంతటదే దూకేసేది. మీటకు "దూకు" అనే పని పేరు మాత్రమే ఇవ్వాలట. ఈమె ఆ పేరు పక్కన బ్రాకెట్లు కూడా పెట్టింది. బ్రాకెట్లు పెడితే కంప్యూటర్ మీట కోసం ఆగదు, ఆ పని అప్పుడే చేసేస్తుంది. "పిలువకముందే వచ్చి వాకిట్ల నిలవడ్డ అల్లుని లెక్క," అని నవ్వుతూ బ్రాకెట్లు తీసేసింది.

ఆ తర్వాత నేరుగా కరుణాకర్ అన్న దగ్గరికి పోయింది. "అన్నా, ఎండకాలం గేమ్ స్క్రిప్టింగ్ బ్యాచ్ పెడుదం. నేను చెప్త," అంది. ఆయన నవ్వాడు. ఆ నవ్వుకు నేను జిరాక్సు మిషన్ మూత ఎత్తి దబ్బున వేశాను. చివరికి ఆయనే దిగొచ్చాడు. "సోమవారం మధ్యాహ్నం డెమో క్లాస్ చెప్పు. వచ్చినోళ్లు చేరుతమంటే బ్యాచ్ నీది. చేరకుంటే వచ్చే నెల నుంచి నువ్వు రాకు."

సోమవారం అంటే కలెక్టరేట్‌లో ప్రజావాణి. అర్జీలు పట్టుకుని జనం వచ్చే రోజు. డెమోకు పన్నెండు మంది కాలేజీ పిల్లలు వచ్చి కూర్చున్నారు, తుల్సక్క కంప్యూటర్‌కు ప్రొజెక్టర్ తగిలించాం. సరిగ్గా అప్పుడే ఒక అవ్వ వచ్చింది. పింఛను ఆగిపోయిందట. "బిడ్డా, సారు లేసిపోతడట, జర జల్ది కొట్టియ్యి," అని గుమ్మంలో నిలబడింది. తుల్సక్క ఐదు నిమిషాల్లో అర్జీ కొట్టి, ప్రింటు తీసిచ్చి పంపించి, అదే కుర్చీలో తిరిగి పాఠం మొదలుపెట్టింది.

"గేమ్ అంటే భయపడకుండ్రి," అంది. "ఒక్క మీట, ఒక్క పని. ఏ మీట నొక్కితే ఏ పని కావాల్నో మనం ముందే రాసి పెడ్తం. గంతే." బాణం మీట నొక్కింది. తెరమీద ఆడమనిషి నడిచింది. గట్టు దగ్గర ఆపి జె నొక్కింది.

ఆ మనిషి దూకలేదు.

మళ్లీ నొక్కింది. కె నొక్కింది. కేక లేదు, కోతులు హాయిగా కంకులు తింటున్నాయి. వెనక వరుసలో ఇద్దరు సంచులు సర్దుకున్నారు. కరుణాకర్ అన్న గొంతు తగ్గించకుండానే అన్నాడు. "రీస్టార్ట్ చెయ్, తుల్సీ."

"రీస్టార్ట్ చేస్తే నడుస్తదన్నా, తెలుసు. ఎందుకు ఆగిందో తెల్వది గద. రేపు వీళ్లింట్ల ఆగితే నేను పోయి చేస్తనా?"

నోరు మూసుకుని ఆ బటన్ నొక్కవే తల్లీ అని మనసులో తిట్టుకున్నాను. కుర్చీ పోతుంటే ఇదేం పంతం? ఆమె మాత్రం పిల్లల వైపు తిరిగి, "ఏం నడుస్తున్నయి, ఏం నడుస్తలేవు? సూసి చెప్పుండ్రి," అంది.

చిట్యాల నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉంటున్న మౌనిక అనే డిగ్రీ అమ్మాయి చెప్పింది. "బాణాలు నడుస్తున్నయి మేడం. అక్షరాలే నడుస్తలేవు."

"మంచిగ పట్టినవ్. అయితే కంప్యూటర్‌కు ఏ అక్షరం వోతున్నదో దాన్నే అడుగుదం." ఏ మీట నొక్కినా కంప్యూటర్‌కు అందిన అక్షరం తెరమీద చూపించేలా ఒక్క వరుస రాసింది. జె నొక్కింది. తెరమీద "ర" అని పడింది. కె నొక్కింది. "క" పడింది.

తుల్సక్క నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అవ్వ కాయిదం కొట్టి కీబోర్డును తెలుగుల్నే ఇడిసిపెట్టిన," అంది. అందరూ నవ్వారు, అందరికంటే ఎక్కువ ఆమే నవ్వింది. సంచులు సర్దుకున్న ఇద్దరూ వాటిని కింద పెట్టారు.

"తెలుగుల ఉన్నప్పుడు జె మీట కాడ ర పడ్తది. మనం జె వస్తే దూకుమని రాసినం. అది పాపం జె కోసం సూస్తనే ఉన్నది. దాని తప్పేం లేదు."

"మరి ఇంగ్లీషుకు మార్చండి మేడం," అంది మౌనిక.

"మార్చొచ్చు. కని ఈ సెంటర్ల పొద్దుగాల అర్జీలు కొడ్తరు, పగటీలి గేమ్ ఆడ్తరు. రోజూ ఎవలకు యాదికుంటది? మీట మీద పడే అక్షరం మారుతది, మీట ఉన్న చోటు మారది. చోటును అడుగుదం." స్క్రిప్టులో అక్షరం అడిగే మాట తీసేసి, మీట చోటు అడిగే మాట రాసింది. తెలుగు తీయలేదు, అలాగే ఉంచి జె నొక్కింది. ఆడమనిషి గట్టు దూకింది. కె నొక్కింది. కేక వినగానే కోతులన్నీ చేను దాటి పారిపోయాయి.

"గీ గేమ్ మీ కంప్యూటర్లల్ల కూడ ఏసిన. ఇగ మీరు రాయుండ్రి. మీ ఇష్టమున్న మీటకు, మీ ఇష్టమున్న పని," అంది. పన్నెండు మందీ కీబోర్డుల మీదికి వంగారు. ఒకడు కేకను స్పేస్‌బార్ అనే పెద్ద మీటకు పెట్టుకున్నాడు. మౌనిక ఎవరినీ అడగకుండా కోతులకే దూకడం నేర్పింది. తుల్సక్క ఒక్కొక్కరి వెనకాల నిలబడుతూ, తప్పు కనిపిస్తే వేలు పెట్టి చూపిస్తూ, కీబోర్డు మాత్రం ముట్టుకోకుండా తిరిగింది.

గంట దాటింది. కరుణాకర్ అన్న ముందుకొచ్చి చప్పట్లు చరిచాడు. "సరే, డెమో అయిపోయింది. ఎవలెవలు చేరుతరో పేర్లు చెప్పుండ్రి."

ఒక్కరూ తల ఎత్తలేదు. ఆయన మళ్లీ చప్పట్లు చరిచాడు. మౌనిక తెర మీంచి చూపు తిప్పకుండా అంది.

"జర ఆగుండ్రి సార్. క్లాస్ నడుస్తున్నది."

ఆయన వచ్చి నా కౌంటర్ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. పద్నాలుగేళ్లలో తుల్సక్క కోసం ఆయన ఆగడం అదే మొదటిసారి. నాకు కళ్లనీళ్లు వచ్చాయి, దాచుకోలేదు.