పసుపు పెట్టిన ఫారం

పాకాల దగ్గర ఒక అవ్వకు మూడెకరాల మామిడి తోట ఉంది. ఎండలకు పూత మాడిపోయిన ఏడాది నేను తిరుపతి నుంచి పరిశోధన ఫారాలు పట్టుకుని వెళ్లి ఆమె నష్టం రాసుకున్నాను. ఇదంతా ధనిక దేశాలు వదిలిన పొగ వల్లేనని, వాళ్ల చేత పరిహారం ఇప్పించడానికి దేశాలన్నీ కూర్చుని మాట్లాడబోతున్నాయని చెప్పాను. అప్పట్లో నేను దాన్ని నిజంగానే నమ్మాను.

ఆ సమావేశం అయిపోయింది. రెండు వారాలు వాదించుకుని, చివరి పత్రంలో ‘చెల్లించాలి’ అన్న మాట కొట్టేసి ‘ప్రోత్సహించాలి’ అని రాసుకుని అందరూ విమానాలెక్కారు. నా ఫారాలన్నీ కలిసి ఒక నివేదిక చివర పట్టికలో ఒకే వరుస అయ్యాయి. ఆ వరుసను ఒక్కడైనా చదివి ఉంటాడని నేననుకోను.

ఈ ఏడూ పూత నిలవలేదు. కొత్త ఫారంతో మళ్లీ అవ్వ దగ్గరికి వెళ్లాను.

“మన కాయితం ఆడికి చేరిందా సారూ?” అని అడిగింది.

“చేరిందవ్వా.”

“మరి ఏమీ రాలేదే.”

అది దరఖాస్తు కాదని చెప్పబోయాను. అప్పటికే ఆమె నా చేతిలోని ఫారం తీసుకుని లోపలికి పోయింది. పెళ్లిపత్రికకు పెట్టినట్టు నాలుగు మూలలా తడి పసుపు అద్ది తెచ్చి నా ముందు పెట్టింది.

“పోయిన తూరి బోడి కాయితం ఇచ్చేస్తిని. తప్పు నాదే. ఆరినాక రాసుకో సారూ.”

పసుపు ఆరేదాకా కూర్చుని, మొదటి గడిలో ఆమె పేరు రాసుకున్నాను.