ఊడిరాని వెదురు మేకు

షాలేమ్ రాజుకు గురువారం సెలవు. ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో అతను పనిచేసే వృద్ధుల కేర్ హోమ్‌లో డ్యూటీల రోటా వేసే అమ్మాయిని ఏళ్ల తరబడి బతిమాలి సాధించుకున్న సెలవది. తీరా చేతికొచ్చాక దాన్నేం చేసుకోవాలో తెలియలేదు. చాలా గురువారాలు బట్టలు ఉతికి, రేడియేటర్ మీద ఆరేసి, అవి ఆరేదాకా వాటివంకే చూస్తూ కూర్చున్నాడు.

భార్య సుగుణకుమారి లెస్టర్‌లో ఉంటుంది. చెల్లెలికి ఆపరేషన్ అయిందని సాయానికి వెళ్లింది. చెల్లెలు లేచి తిరిగింది గానీ ఈమె తిరిగి రాలేదు. పోట్లాట లేదు, విడాకుల కాగితాలు లేవు. చలికోటు కోసం ఒకసారి వచ్చి, టీ తాగి, కప్పు కడిగిపెట్టి మరీ వెళ్లింది. ఆదివారం ప్రార్థన అయ్యాక ఎవరైనా "ఆంటీ బాగున్నారా అంకుల్?" అంటే, "బాగున్నారమ్మా, చెల్లెలి దగ్గరున్నారు" అంటాడు. అందులో అబద్ధం లేదు కాబట్టి ఇంకో ప్రశ్న రాదు.

ఇక కత్తుల సంగతి. నరసాపురం దగ్గర పుట్టిన మనిషికి జపాను సైనికుల కత్తులతో ఏం పని అని అడగనివాళ్లు లేరు. కేర్ హోమ్‌లో హాచ్ అనే ముసలాయన ఉండేవాడు. రైల్వే వర్క్‌షాపులో ఇనుముతో బతికినవాడు. తండ్రి బర్మా యుద్ధం నుంచి తెచ్చిన ఒక్క కత్తితో మొదలుపెట్టి, బతుకంతా ఆ కాలపు కత్తులే పోగేశాడు. చేతులు వణకడం మొదలయ్యాక వాటికి నూనె రాసే పని రాజుకు అప్పజెప్పాడు. మెత్తని కాగితంతో తుడవాలి. లవంగం వాసనొచ్చే పల్చటి నూనె రాయాలి. ఉక్కుకు వేలు తగలకూడదు. కత్తి ఒర బయట ఉన్నంతసేపూ మాట్లాడకూడదు, నోటి తడి పడితే మచ్చ పడుతుంది. మొదటిసారి గది నిండా లవంగం వాసన కమ్మేసరికి రాజుకు పెళ్లి వంటలు గుర్తొచ్చి నవ్వొచ్చింది. నోరు తెరవకూడదు గదా, ముక్కుతోనే నవ్వుకున్నాడు.

ముసలాయన పోయాక కూడా రాజు ఆ విద్యను వదల్లేదు. వంటగది బల్ల మీద కూర్చుని జపాను అక్షరాలు దిద్దాడు, కమ్మరుల పేర్లు చదవడం నేర్చాడు. పాత ఆయుధాలు అమ్మే సంతల్లో నిలబడి, కొనేవాళ్ల వెనక నుంచి చూసి నేర్చాడు. యుద్ధకాలంలో అధికారి పటాటోపానికి కర్మాగారాల్లో వేలకొద్దీ కత్తులు చేశారు. కొందరు అధికారులు మాత్రం తాతముత్తాతల కత్తినే పట్టుకెళ్లి, దానికి సైనికపు పిడీ ఒరా తొడిగించుకున్నారు. పైకి రెండూ ఒకటే. తేడా తెలియాలంటే పిడిని పట్టి ఉంచే వెదురు మేకును తీసి, పిడి లాగి, లోపల దాక్కున్న కత్తి మొదలును చూడాలి. పేరో ముద్రో ఉంటే అక్కడే ఉంటుంది. అవి లేకపోయినా తుప్పు ఉంటుంది. కొత్త తుప్పు ఎర్రగా గరుగ్గా ఉంటుంది, వందల ఏళ్ల తుప్పు నల్లగా, చేపపొట్టులా నున్నగా ఉంటుంది. "ఆ తుప్పును మాత్రం తాకకు, కత్తి వయసంతా దాన్లోనే ఉంటుంది" అని హాచ్ పదేపదే చెప్పేవాడు.

ఒకప్పుడు రాజుతో పనిచేసి లండన్‌లోని హారోకు మారిన దీనా అనే అమ్మాయి ఫోన్ చేసింది.

"అంకుల్, మీకు ఆ కత్తుల పిచ్చి ఇంకా ఉందా? నేను చూసుకునే ఆంటీ దగ్గర ఒకటుంది. కాంతం ఆంటీ. రోజూ నన్ను తినేస్తున్నారు, ఎవరికైనా చూపించవే అని."

అలా రాజు మొదటిసారి హారో వెళ్లాడు. రైలు దిగి, ట్యూబ్ మెట్రో ఎక్కి, మళ్లీ బస్సు. తలుపు తీసినావిడ పొట్టిగా, కాటన్ చీర మీద మగవాళ్ల స్వెటర్ వేసుకుని ఉంది. ఎనభైకి దగ్గర వయసు. భర్త అక్కడే జీపీ డాక్టరుగా చేసి పోయాడు. ఆవిడది విజయనగరం వైపు.

"నువ్వేటి, కత్తుల డాక్టరువా?"

"ఆయ్, కాదండి. నేను కేర్ హోమ్‌లో చేస్తానండి. ఇది ఊరికే నేర్చుకున్నదండి."

"ఊరికే నేర్చుకున్నవాడే నయం. మా ఆయన ఫీజిచ్చి నేర్చుకున్నాడు, నా మోకాలు నొప్పెందుకో సచ్చేదాకా చెప్పలేదు."

కత్తి మంచం కింద పాత చీరలో చుట్టి ఉంది. ఆవిడ తండ్రి గోవిందరాజులు మద్రాసు పటాలంలో జమేదారు. యుద్ధం ముగిశాక లొంగిపోయిన జపాను అధికారులు వరసగా వచ్చి కత్తులు నేలమీద పెట్టారట. కళ్లద్దాల సన్నపాటి మనిషి ఒకడు తన కత్తిని చొక్కా చేతితో తుడిచి, ఏడుస్తూ పెట్టాడట. దొరలు ఏరుకోగా మిగిలిన ఆ కత్తి జమేదారుగారికి వచ్చింది.

"మా నాన్న అది గోడకి తగిలించనివ్వలేదు. ఎవడింటి తాతదో, మనింట్లో పడుంది అనీవాడు. మా అబ్బాయి నిశాంత్ నన్ను కేంబ్రిడ్జి తీసుకుపోతానంటన్నాడు. కత్తి మాత్రం వొద్దమ్మా అన్నాడు. పెద్దలనాటిదైతే ఆళ్ల ఇల్లు వెతికి పంపించీయాలి. ఎవరో ఒకరు వెతుకుతారంట గదా? ఫ్యాక్టరీదైతే మ్యూజియం వాళ్లకిచ్చీసి నా దారిన నేను పోతాను. ఏదో ఒకటి తెలీకుండా మాత్రం నేను కదల్ను, బాబూ."

రాజు కత్తిని ఒరలోంచి తీశాడు. ఆవిడ ఇంకా మాట్లాడుతూంటే, పెదవి మీద వేలు పెట్టి సైగ చేశాడు. అంచు వెంట ఉక్కులో అలలా సాగే అల గీత మసకగా, ప్రాణం లేకుండా ఉంది. నూనెలో చల్లార్చిన కర్మాగారపు ఉక్కు అలాగే ఉంటుంది. ఎక్కువమటుకు ఫ్యాక్టరీదే అనుకున్నాడు. ఒకప్పుడు మళ్లీ మళ్లీ సానపెట్టి పాడుచేసిన పాత కత్తి కూడా అలాగే కనపడొచ్చు. మొదలు చూస్తే గానీ చెప్పకూడదు.

ఆవిడ టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ, "వంకాయ తింటావా? గుత్తొంకాయ చేసీసేను. ఒక్కదానికి చేసుకుంటే అది గిన్నెలోంచి నన్నే చూస్తాది" అంది.

రాజు బొటనవేలితో మేకును నొక్కాడు. ఇట్టే కదిలింది. సగం బయటకు వచ్చింది కూడా. ఇంకొక్క నొక్కు నొక్కితే పిడి ఊడుతుంది, మొదలు కనపడుతుంది, జవాబు చెప్పడం అయిపోతుంది. వంటింట్లోంచి పోపు వాసన వస్తోంది. గిన్నెలు తీస్తూ ఆవిడ ఎవరినో తిడుతోంది, బహుశా కుక్కర్‌ని.

రాజు మేకును మళ్లీ లోపలికి నెట్టేశాడు.

"బిగుసుకుపోయిందండి" అన్నాడు ఆవిడ రాగానే. "బలవంతం చేస్తే పిడి పగులుద్దండి. వారం వారం చుక్క నూనె వేసి నానబెట్టాలండి."

నిజానికి అలా బిగుసుకునే మేకులూ ఉంటాయి. అందుకే ఆ మాట నోట్లోంచి అంత సులువుగా వచ్చింది.

ఆ తరవాత గురువారాలకు ఒక పని దొరికింది. రాజు వెళ్తాడు, మేకు మీద నూనె చుక్క వేస్తాడు, తల అడ్డంగా ఊపుతాడు. ఆ తంతు క్షణంలో అయిపోతుంది. మిగతాదంతా అన్నం, మజ్జిగ పులుసు, పక్కింటి గుజరాతీ ఆవిడ మీద ఫిర్యాదులు. సుగుణకుమారి సంగతి ఆవిడ ఒక్కసారే అడిగింది. రాజు ఎప్పుడూ చెప్పే జవాబే చెప్పాడు. "అంటే రాదన్నమాట" అని ఇంకో గరిటెడు కూర వేసింది కాంతం. అంత సూటిగా ఆ మాటను అన్నది ఆవిడొక్కతే. రాజు ఆ కూరంతా తిన్నాడు.

చలికాలం వచ్చింది. నిశాంత్ ఫోన్ చేసి తొందరపెడుతున్నాడని ఆవిడ చెబుతూనే ఉంది. "మేకేటంటోంది?" అని నవ్వేది. రాజూ నవ్వేవాడు. రైల్లో తిరిగి వస్తూ మాత్రం, వచ్చే వారం తీసేద్దాం అనుకునేవాడు. స్విండన్‌లో దిగి, తాళం తీసి, చీకటి ఇంట్లో లైటు వేశాక ఆ అనుకోవడం ఆగిపోయేది.

కత్తి ఒర బయట ఉంటే మాట్లాడకూడదని, ఉక్కును వేలితో తాకకూడదని ఆవిడకు చెప్పాడు. మొదలు మీది తుప్పు సంగతి మాత్రం చెప్పలేదు. పిడి ఊడితే కదా ఆ మాట వచ్చేది.

ఒక గురువారం తలుపు తీసేసరికి కాంతం మొహం వెలిగిపోతోంది.

"రా, రా. నీ పని నేను చేసీసేను."

హాలులో బల్ల మీద, తెల్లటి తువాలు పరిచి, పిడి ఒక పక్క, కత్తి ఒక పక్క పెట్టి ఉన్నాయి. కత్తి మొదలు దీపారాధన కుంది లాగా తళతళలాడుతోంది.

"నిన్న స్వెటర్ అల్లుకుంటూ కూకున్నాను. ఆ మేకు నన్ను వెక్కిరిస్తన్నట్టుంది. అల్లిక సూది తీసి ఒక్క పొడుపు పొడిచేను. అంతే, వచ్చీసింది. లోపలంతా తుప్పు బాబూ, ఛీ! పెద్దోళ్ల వస్తువు అలాగుంచుతామేటి? చింతపండూ ఉప్పూ వేసి నానబెట్టి, స్టీలు పీచుతో బాగా తోమీసేను. నా భుజం పడిపోయింది. చూడు, పూజసామాను కూడా ఎప్పుడూ ఇంతలా రాలేదు."

రాజు వంగి చూశాడు. కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు. పేరు లేదు. ముద్ర లేదు. అటు తిప్పినా ఇటు తిప్పినా ఒట్టి తెల్లటి ఇనుము, మీద పీచు గీతలు. ఎర్రదో నల్లదో ఆ తుప్పు నిన్న సింకులోంచి కిందికి పోయింది.

మొదలును వెలుతురు వైపు తిప్పి ఇంకోసారి చూశాడు. కత్తి దగ్గర మాట్లాడకూడదన్న నియమం ఉంది కాబట్టి కాంతం ఓపిక పట్టింది. తరవాత అతని చేతుల వంక చూసింది.

"తోమకూడదేటి?"

ఫ్యాక్టరీదే అని చెప్పెయ్యొచ్చు. తోమడం వల్ల ఏమీ కాలేదనొచ్చు. ఆవిడ నమ్ముతుంది, తేలికపడి కేంబ్రిడ్జి వెళ్తుంది. రాజు కత్తిని తువాలు మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి, అప్పుడు నోరు విప్పాడు.

"తోమకూడదండి. పేరూ ముద్రా లేని కత్తికి ఆ తుప్పే సాక్ష్యమండి. అల గీతను బట్టి ఫ్యాక్టరీదే అని నేననుకుంటున్నానండి. కానీ ఇక ఒట్టేసి చెప్పలేనండి. నేనే కాదు, ఎవరూ చెప్పలేరండి."

"మరి నాకెందుకు చెప్పలేదు, తోమొద్దని?"

"మేకు రాలేదన్నాను కదండి."

కాంతం కుర్చీలో కూర్చుంది. అల్లిక సూది బల్ల మీదే ఉంది, దాన్ని తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఒక్క పొడుపుకి వచ్చీసింది" అంది మెల్లిగా. "ఎంతో బిగుసుకుందన్నావు గదా, ముసిల్దాన్ని నాకెలా వచ్చిందా అని రాత్రంతా మురిసిపోయేను. మొదటిరోజే వచ్చుంటాది."

"వచ్చిందండి."

"మరెందుకు..." అని ఆగిపోయింది. అడగక్కర్లేకుండానే తెలిసినట్టుంది. మొహం ఎర్రబడింది.

"అన్నం కావాలంటే అన్నం అడగాలి. కూకోవాలనుంటే కూకుంటానని అడగాలి. నేను కాదంటానేటి? మా నాన్న చచ్చేదాకా ఆ కళ్లద్దాలాయన గురించే చెప్పేడు. నాకు ఆ ఒక్క జవాబూ కావాలి, అంతే. అది నీ చేతిలో పెడితే, నువ్వు దాని మీద కూకుని పులుసు తాగేవు."

"తప్పు నాదండి, మీది కాదండి" అన్నాడు. ఆవిడ వినిపించుకోలేదు.

పిడి తొడిగి, మేకు పెట్టి, కత్తిని ఒరలో దింపి, చీరలో చుట్టాడు. వంటింట్లో గిన్నెల మీద మూతలు అలాగే ఉన్నాయి. చారు వాసన వస్తోంది. తినమని ఆవిడ అనలేదు. తలుపు దాకా వచ్చింది గానీ, వచ్చే గురువారం మాట ఎత్తలేదు.

పది రోజులకు దీనా ఫోన్ చేసింది. "ఆంటీ కేంబ్రిడ్జి వెళ్లిపోయారు అంకుల్. కత్తి కూడా తీసుకెళ్లారు. నిశాంత్‌గారు వద్దంటే, ఎవరిదో తెలిసేదాకా నా మంచం కిందే ఉంటుందని పోట్లాడారు. తెలుస్తుందా మరి?"

"తెలియదమ్మా" అన్నాడు రాజు.

దీనా కేంబ్రిడ్జి నంబరు కూడా ఇచ్చింది. రాజు దాన్ని ఫోన్‌లో పెట్టుకున్నాడు. గురువారాలు మళ్లీ బట్టల దగ్గరికి వచ్చాయి. సంతకు వెళ్లి, ఎవరో చూపించిన కత్తి మీద అభిప్రాయం చెప్పబోయి, "నాకంటే తెలిసినవాళ్లకు చూపించండి" అని వచ్చేశాడు. నంబరు తీసి చూసినప్పుడల్లా, ఏ వంకతో మాట్లాడాలా అని ఆలోచించేవాడు. అల గీతకు మంచి ఫోటో కావాలనొచ్చు. జపానులో ఒకాయనకు రాశాననొచ్చు. వంకలకు కొదవ లేదు. ఒక్కోటీ దొరకగానే ఫోన్ పక్కన పెట్టేసేవాడు.

మార్చిలో ఒక మధ్యాహ్నం, ఏ వంకా అనుకోకుండానే నొక్కేశాడు.

"ఎవరూ?"

"నేనండి, రాజునండి. స్విండన్ నుంచండి."

అవతల ఎక్కడో టీవీ మోగుతోంది.

"కత్తి సంగతేటైనా తెలిసిందేటి?" ఆ గొంతులో ఆశ ఉంది.

"లేదండి. ఏం తెలియలేదండి. ఇక తెలియదండి." ఊపిరి తీసుకున్నాడు. "మీతో మాట్లాడాలనిపించి చేశానండి. అంతేనండి."

పెట్టేసిందేమోనని ఫోన్ చెవి నుంచి తీసి చూశాడు. లైను ఉంది.

"తిన్నావా?" అంది చివరికి.

"ఇంకా వండలేదండి."

"ఇంతవరకూనా! ముందు బియ్యం కడుగు. ఫోన్ అక్కడే పెట్టు, ఉంటాన్లే."

రాజు ఫోన్‌ను సింకు పక్కన నిలబెట్టి కుళాయి తిప్పాడు. కేంబ్రిడ్జి ఇంట్లో ఎవరో పిల్లలు ఇంగ్లీషులో ఏదో అడిగారు, ఎవరో తలుపు వేశారు. రాజు బియ్యం కడుగుతూ, నీళ్ల చప్పుడు అడ్డం రాకుండా కుళాయి కాస్త తగ్గించాడు.